ఉన్న సర్వర్‌నే అప్‌గ్రేడ్ చేయాలా, కొత్తదానికి మారాలా?

సరదాకి సైట్లు పెట్టుకునేవాళ్ల కోసం ఇద్దరు మిత్రులతో కలిసి ఒక చిన్న సర్వర్ నడుపుతున్నాను. నలభై దాకా సైట్లున్నాయి. పద్యాలు, వంటలు, పాత నాణేల ఫొటోలు, ఇలాంటివే. ఆ సర్వర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్. దాని 11వ వెర్షన్ నుంచి 12కి వెళ్లాల్సి వచ్చినప్పుడు మా ముందు రెండు దారులు కనిపించాయి.

మొదటిది, ఉన్నచోటే అప్‌గ్రేడ్. ప్యాకేజీల జాబితాలో పాత వెర్షన్ పేరు తీసేసి కొత్తది రాసి, ఆప్ట్‌తో (డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) అంతా అప్‌గ్రేడ్ చేయడం. వెర్షన్లు దాటేయకుండా ఒక్కో మెట్టే ఎక్కితే డెబియన్ ఇందులో నమ్మకంగానే ఉంటుంది. ఐపీ అడ్రస్ (నెట్‌లో సర్వర్‌కుండే నంబరు) మారదు, అదనపు అద్దె ఉండదు, సభ్యులు చేయాల్సిన పనేమీ ఉండదు. 10 నుంచి 11కి మేం ఇలాగే వెళ్లాం. అప్పుడు సైట్లు రాసుకునే భాష పీహెచ్‌పీ 7.3 నుంచి 7.4కి మారింది అంతే, ఎవరి సైటూ ఆగలేదు.

ఈసారి మాత్రం 7.4 నుంచి నేరుగా 8.2. మధ్యలో 8.0లోనే ఈచ్, క్రియేట్ ఫంక్షన్ లాంటి పాత ఫంక్షన్లు తీసేశారు. పదేళ్ల కింద రాసి మళ్లీ ముట్టుకోని కోడ్‌లో అవే ఉంటాయి. ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేస్తే అలాంటి సైట్లన్నీ ఒకే నిమిషంలో తెల్ల పేజీలవుతాయి. స్నాప్‌షాట్‌తో (ముందే తీసిపెట్టుకున్న సర్వర్ మొత్తం నకలు) వెనక్కి వెళ్లొచ్చు కానీ, ఒక్క సైటు కోసం మిగతా అందరినీ వెనక్కి లాగాలి. ఆ మధ్యలో ఎవరైనా రాసుకున్నది పోతుంది.

అందుకే రెండో దారి పట్టాం. కొత్త సర్వర్ తీసుకుని ఒక్కో సైటునే ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్) తరలించి, ప్రతి సభ్యుడికీ తాత్కాలిక అడ్రస్ ఇచ్చి "ఒకసారి చూసుకోండి" అన్నాం. దీని విలువ ఒక్క ఫోన్‌తో తెలిసింది.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు తన పద్యాలకి సొంతంగా సైటు పెట్టుకున్నారు. "నాయనా, నా పద్యాలేవీ కనబడటం లేదు, అన్నీ ఏవో గుర్తులే" అన్నారు. తెరిచి చూస్తే ప్రతి అక్షరం చోటా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో చెత్త. చూడగానే అర్థమైంది. అన్ని భాషల అక్షరాలనీ దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. ఆయన పాత డేటాబేస్ టేబుల్ లాటిన్1లో ఉంది, అంటే ఒక్కో బైటునీ ఒక్కో ఇంగ్లీషు తరహా అక్షరంగా చూసే పాత పద్ధతిలో. మేం డంప్ (డేటాబేస్ నకలు ఫైలు) తీసినప్పుడు డేటాబేస్ ఆ మూడు బైట్లనీ మూడు వేరే అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చేసింది. లాటిన్1 అని చెప్పి డంప్ మళ్లీ తీసి, ఎక్కించేటప్పుడు యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో యూటీఎఫ్-8 పేరు) అని మార్చాం. పద్యాలు సున్నాలు, ఒత్తులతో సహా తిరిగొచ్చాయి. నిజమే, తరలించబట్టే ఈ తప్పు జరిగింది. కానీ అది సరిచేసిన రెండు రోజులూ పాత సర్వర్‌లో ఆయన సైటు చక్కగా నడుస్తూనే ఉంది. చదివేవాళ్లెవరికీ ఆ గుర్తులు కనబడలేదు.

ఈ దారికీ ఖర్చుంది. ఒకటిన్నర నెల రెండు అద్దెలు కట్టాం. టీటీఎల్‌ని (సైటు పాత అడ్రస్‌ని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) ముందురోజే 86400 సెకన్ల నుంచి 300కి తగ్గించాలి, లేకపోతే కొందరు రోజంతా పాత అడ్రస్‌కే వెళ్తారు. సైట్లకి హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా వచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు కాపీ చేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ సొంత డొమైన్ ఉన్నవాళ్లది. డొమైన్ ఖాతాలో ఐపీ వాళ్లే మార్చుకోవాలి, ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎక్కడుందో చాలామందికి గుర్తుండదు.

మూడో మాట కూడా చెప్పాలి. సైటులో ఉత్త హెచ్‌టీఎంఎల్, ఫొటోలే ఉంటే ఇంత తతంగం వద్దు. 2013 నుంచి సొంత సైట్లకి చోటిస్తున్న నియోసిటీస్‌లో ఉచితంగా 1 జీబీ ఇస్తారు, అది చాలు. నకలు మాత్రం ఇంట్లో ఉంచుకోవాలి. 2009 అక్టోబరులో యాహూ అలాంటిదే అయిన తన జియోసిటీస్‌ని మూసేసినప్పుడు నకలు లేనివాళ్లు ఎంత పోగొట్టుకున్నారో గుర్తుంచుకోవాలి. మీ సర్వర్ నిండా అలాంటి సైట్లే ఉంటే ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేసేయండి, భయం లేదు. పీహెచ్‌పీ, డేటాబేసులు ఉంటే, పైగా అవి వేరేవాళ్లవైతే, నా ఓటు కొత్త సర్వర్‌కే.

మా పాత సర్వర్‌కి ఇంకో నెల అద్దె కట్టాం. డొమైన్ పాస్‌వర్డ్ వెతుక్కుంటున్నవాళ్లు ఇంకా ఇద్దరున్నారు.