ఈస్ట్ పొడి కోళ్ల కాక్సిని (నెత్తురు రెట్టల రోగాన్ని) ఆపుతుందా? రెండు వానాకాలాలు వాడాక నా మాట

షాద్‌నగర్ వైపు మాకు సొంత బ్రాయిలర్ షెడ్లు రెండున్నాయి. ఇంటిగ్రేషన్‌లో (కంపెనీ పిల్లలు, దాణా ఇచ్చి పెంపించుకునే పద్ధతిలో) లేము, దాణా మేమే కలుపుకుంటాం. ఈస్ట్ కణగోడల పొడిని టన్ను దాణాకు కిలో లెక్కన, పిల్లలు దిగిన రోజు నుంచి ఒక షెడ్డుకే వేస్తూ వచ్చాను.

ముందే చెప్తున్నా, ఇది కాక్సి మందు కాదు. డీలర్లు మాత్రం మందన్నట్టే అమ్ముతారు. ఈ రోగం తెచ్చే పరాన్నజీవి ఐమీరియాను ఇది నేరుగా చంపదు. ఇందులోని బీటా గ్లూకాన్లు, మన్నాన్లు పిల్లల రోగనిరోధక శక్తికి ఊతమిస్తాయి, అంతవరకే. అందుకే దాణాలో కాక్సి రాకుండా కలిపే మందు సాలినోమైసిన్ ఏ రోజూ మానలేదు.

మామూలు రోజుల్లో తేడా కనిపించింది. పొడి వేసిన షెడ్డులో నాలుగో వారానికి కోళ్లు ఒకే సైజులో ఉంటున్నాయి, ఈకలు ముడుచుకుని మూలన కూర్చునేవి తగ్గాయి. కానీ ముసురు పట్టి, పక్క పరదాల్లోంచి జల్లు కొట్టి నేల మీద పరిచిన ఊక గడ్డకట్టినప్పుడు రెండు షెడ్లలోనూ నెత్తురు రెట్టలు పడ్డాయి. చచ్చినవాటిని కోసి చూస్తే రెండుచోట్లా గుడ్డిపేగుల నిండా రక్తమే. డాక్టరు గారు చెప్పినట్టు నీళ్లలో కాక్సి మందు ఆంప్రోలియం ఇచ్చాం. (అది ఇచ్చే రోజుల్లో బి-కాంప్లెక్స్ ఆపాలి. మందు పనిచేసేదే కాక్సి క్రిమికి బి1 విటమిన్ అందకుండా అడ్డుపడి.) పొడి తిన్న కోళ్లు ముందుగా మేతకొచ్చాయి. అది పొడి వల్లో, ఆ షెడ్డుకు గాలి బాగా తగలడం వల్లో ఒట్టేసి చెప్పలేను.

రెట్టతో పడిన కాక్సి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకట్రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. పిల్ల ఊకను పొడుస్తుంది, మళ్లీ మొదలు. కాబట్టి కారే నీళ్ల నిపుల్ మార్చడం, ఊక తిరగేయడం, గడ్డలు తీసి పారేయడం ముందు. బస్తా కొనే డబ్బులు తర్వాత.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. బతికున్న ఈస్ట్ దాణా గుళికలు చేసే పెల్లెట్ మిషన్ వేడికి చాలావరకు చచ్చిపోతుంది, కణగోడల పొడికి ఆ బాధ లేదు. ఇదే సరుకును టాక్సిన్ బైండర్ (దాణాలోని విషాన్ని పట్టి ఉంచేది) పేరుతోనూ అమ్ముతున్నారు. మొక్కజొన్న బూజు విషానికి ఇంకో శిలీంధ్రం విరుగుడన్నమాట! పేరు మారిందని రెండూ కొనకండి.

ఎండాకాలం బ్యాచ్‌లకు నేను వేయడం లేదు, ఊక ఎటూ పొడిగానే ఉంటుంది. జూన్‌లో దిగే పిల్లలకైతే మళ్లీ తెస్తా.