'పడు' నేర్పాలంటే ఏది మేలు: అర్థాల పట్టికా, జంట మాటలా?

తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లను బాగా తికమకపెట్టే క్రియల్లో 'పడు' ఒకటి. వాన పడుతుంది, వికెట్ పడుతుంది, ఒకటో తారీఖున జీతం పడుతుంది. కష్టపడతాం, సిగ్గుపడతాం. ఒకరికి వంకాయ పడదు, ఇద్దరు తోడికోడళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. అర్థాలన్నీ పట్టిక వేసి ఇవ్వాలా, ఏ మాటతో కలిసి వస్తుందో ఆ జంటగానే నేర్పాలా?

పట్టికను తీసిపారేయలేం. పాత పుస్తకం చదివేవాళ్లకు 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది. నోరు తెరిచి మాట్లాడాల్సినవాళ్లకు అది చాలదు. 'సరిపడు' అన్న అర్థం ఒక్కటే బట్టీపడితే 'నేను వంకాయ పడను' అనేస్తారు. 'నాకు వంకాయ పడదు' అని వాక్యంగా నేర్చుకుంటే ఆ 'నాకు' కూడా దాంతోపాటే నోటికొస్తుంది.

జంటల్లో ఇంకో లాభం ఉంది. భయపడు వచ్చిందంటే భయపెట్టు వచ్చినట్టే. బాధపడు, బాధపెట్టు, ఇబ్బందిపడు, ఇబ్బందిపెట్టు. అన్నిటికీ కుదరదు: ఇష్టపడు ఉంది, ఇష్టపెట్టు లేదు. అయినా నేర్చుకునేవాళ్లకు ఇంత కలిసొచ్చే పాఠం ఇంకోటి దొరకడం కష్టం. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన హిందీవాళ్లకైతే సగం పని ముందే అయిపోయింది. వాళ్ల 'కిత్నే కా పడా?' మన 'ఎంత పడింది?' ఒక్కటే. కాకపోతే 'జానా పడా' దగ్గర జాగ్రత్త చెప్పాలి, మనకది 'వెళ్లాల్సి వచ్చింది'.

అసలు చిక్కు 'పట్టు'తో. 'వాన పడుతుంది', 'గంట పడుతుంది', 'నిద్ర పడుతుంది' అన్నీ ఒకేలా వినిపిస్తాయి. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు విడిపోతాయి: వాన పడింది, గంట పట్టింది, నిద్ర పట్టింది. ఇక్కడ మాత్రం నిఘంటువుదే పైచేయి, రెండు క్రియలనీ వేరువేరుగా చూపిస్తుంది కాబట్టి. జంటలుగా నేర్పేవాళ్లు చాలామంది 'పడుతుంది' దగ్గరే ఆగిపోతారు, పిల్లలేమో 'నిద్ర పడింది' అంటారు.

నా ఓటు జంట మాటలకే. అయితే ప్రతి జంటనూ మొదటిరోజే రెండు కాలాల్లోనూ పలికించాలి: గంట పడుతుంది, గంట పట్టింది, వాన పడుతుంది, వాన పడింది. నిఘంటువు చేతికివ్వడానికి తొందరేం లేదు, చదవడం మొదలుపెట్టాక ఇవ్వొచ్చు.