శిబ్‌పూర్ తోటలో మన గోదావరి చెట్లు, హావ్‌డా లాడ్జిలో మన డబ్బులు

కలకత్తా వెళ్లి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌ని ఒక పూటలో చూసేద్దాం అనుకునే తెలుగువాళ్లకి ముందే చెబుతున్నాను: పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. హావ్‌డా స్టేషన్ పక్క సందుల్లో మాత్రం దిగొద్దు.

జనవరిలో నేనూ, మా ఆవిడా, మా బాబాయీ వెళ్లాం. బాబాయి అటవీ శాఖలో చేసి రిటైరయ్యారు. కాకినాడ జగన్నాథపురంలో ఇల్లు. రైలు ప్రయాణం హాయిగా సాగింది, చెప్పుకోడానికేం లేదు.

లాడ్జి సంగతి మాత్రం చెప్పాలి. ముగ్గురికి ఏసీ గది, రాత్రికి 2,100 చొప్పున రెండు రాత్రులకి 4,200 ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాను. పొద్దున ఎనిమిదింటికి దిగితే, గది పన్నెండింటికి గానీ ఇవ్వం, ఇప్పుడే కావాలంటే 600 అన్నాడు. బుకింగులో పొద్దున్నే వస్తామని రాసిన సంగతి ఫోన్‌లో చూపించాను, చూడనట్టే మొహం తిప్పుకున్నాడు. సరేనన్నాం. గదిలోకి వెళితే ఏసీ రిమోటు లేదు, అది కావాలంటే రోజుకి 350. వేణ్ణీళ్లు బకెట్టు 40, రెండు బకెట్లు. దుప్పటి మీద ఎవరిదో తలనూనె మరక. మా ఆవిడ ఆ మంచం మీద కూర్చోనే లేదు, సూట్‌కేసు మీద కూర్చుంది. బాబాయికి బీపీ. ఆయన గొంతు పెరిగేసరికి నాకు టెన్షన్ మొదలైంది. 1,030 అడిగినవాడు చివరికి 750కి దిగాడు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసేశాం, రెండో రాత్రి డబ్బు తిరిగి ఇవ్వలేదు. అంటే ఆ మరక దుప్పటి మీద ఒక్క రాత్రికి 4,950.

డబ్బు కన్నా పోయిన పూట గురించే నా బాధ. ఈ గొడవ తేలి తోటకి చేరేసరికి రెండున్నర. 270 ఎకరాల పైన ఉన్న తోట అది, సాయంత్రానికి గేట్లు మూసేస్తారు. ఆ పూటకి పెద్ద మర్రి ఒక్కటే చూడగలిగాం. అసలు మొదలు కుళ్లిపోతే 1925లో తీసేశారు, ఇప్పుడున్నదంతా ఊడల మీద నిలబడ్డదే. జనం అక్కడ ఫోటోలు తీసుకుని వెనక్కి తిరిగిపోతారు. తోటలో మన కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

1787లో ఈస్టిండియా కంపెనీ తరఫున రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట ఇది. దీన్ని శాస్త్రం చదువుకునే చోటుగా మార్చింది విలియం రాక్స్‌బర్గ్. 1793లో ఆయన ఇక్కడికి వచ్చింది మన సామర్లకోట నుంచి! 1781 నుంచీ అక్కడే కంపెనీ డాక్టరుగా ఉంటూ తోట వేసి మిరియాలు, నీలి, కాఫీ పెంచి చూశాడు. రాజమండ్రి సర్కారు అనే ఆనాటి జిల్లాలో రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో రాసిపెట్టాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన ఎండబెట్టి దాచిన మొక్కలూ పుస్తకాలూ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి సేకరించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది, 300 బొమ్మలు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రైల్లో బాబాయి ఫోన్‌లో అదే తిరగేశారు. మోదుగ పువ్వు, కలంకారీ ఎరుపుకి వాడే చిరివేరు, రెండూ ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయొచ్చని కూడా ఆయన ప్రయోగాలు చేసి చూశాడు. మొక్కల తెలుగు పేర్లూ పక్కనే రాశాడు. అవి చెప్పిన మనవాళ్ల పేర్లు, ఆ బొమ్మలు గీసిన మనదేశపు చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకం అట్ట మీద లేవు. ఈ మాట చెప్పకుండా రాక్స్‌బర్గ్‌ని పొగడలేను.

రెండో రోజు పొద్దున్నే వెళ్లాం. చెట్లకి కొట్టిన రేకు పలకల మీద శాస్త్రీయ నామాలుంటాయి, బాబాయి ఒక్కొక్కటీ ఆగి చదివారు. ఈత చెట్టు దగ్గర ఉన్న పలక: ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, బ్రాకెట్లో ఎల్, ఆ పక్కన రాక్స్‌బర్గ్. అంటే మొదట వర్ణించింది మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్, ఖర్జూరం ప్రజాతిలోకి మార్చింది రాక్స్‌బర్గ్ అన్నమాట. పలక సగం తుప్పు, ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. "ఒరేయ్ అబ్బాయ్, ముప్పై ఏళ్లు రిజిస్టర్లలో ఏగిస చెట్టు పేరు పక్కన రాక్స్‌బ్ అని రాశానురా, ఎవరో ఏమిటో తెలీదు, మన సామర్లకోటాయనా!" అన్నారు. లాడ్జి గొడవ అప్పటికి ఆయన మొహం మీంచి పోయింది. రాక్స్‌బర్గ్ కన్నా ముందు మన తీరంలో మొక్కలు ఏరిన కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు, 1785లో చనిపోయింది జగన్నాథపురంలోనే అని చెప్పాను. బాబాయి కాసేపు నమ్మలేదు, తర్వాత మా పిన్నికి ఫోన్ చేసి చెప్పారు.

గంగ ఒడ్డున రాక్స్‌బర్గ్ ఉన్న ఇల్లు, ఆయన స్మారక మండపం తప్పకుండా చూడండి. 1814లో వచ్చిన తోట జాబితాలో 3,500 జాతులున్నాయి. ఆయన దగ్గరుండి గీయించిన 2,500కు పైగా బొమ్మలు కలకత్తాలోనే భద్రంగా ఉన్నాయి. 2020 అంఫన్ తుపానుకి చాలా చెట్లు కూలిపోయాయి.

రెండో రోజు నుంచి దక్షిణ కలకత్తాలో లేక్ మార్కెట్ దగ్గర గెస్ట్‌హౌస్‌లో దిగాం, రాత్రికి 2,350. ఉతికిన దుప్పట్లు, అడగకుండానే వేణ్ణీళ్లు. ఆ చుట్టుపక్కల ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి, ముగ్గురికీ టిఫిను 340 అయింది. మా ఆవిడ అక్కడే మళ్లీ నవ్వింది. అక్కడి నుంచి విద్యాసాగర్ సేతు మీదుగా తోటకి క్యాబ్ 290 తీసుకుంది. పసుపు టాక్సీ 500 అడిగాడు, ఎక్కకండి.

చలికాలంలో వెళితే కొత్త బెల్లంతో చేసే సందేశ్ అనే మిఠాయి తినండి, ఒక్కోటి 25. ఆ బెల్లం ఈత చెట్టు నీరాదే. మనం కల్లు దించే చెట్టు నుంచి వాళ్లు ఇంత తీపి తీస్తున్నారా అని బాబాయి నాలుగు తిన్నారు, పైన ఇంటికో డబ్బా, 600. సోమవారం తోటకి సెలవు, టికెట్లు బుక్ చేసేటప్పుడే చూసుకోండి. నీళ్ల సీసా, నడిచే చెప్పులు తప్పనిసరి.