ఐదుసార్లు లేపి చేతులెత్తేసే కాపలాదారు: సిస్టమ్‌డీతో తొమ్మిదేళ్లు

లినక్స్‌లో సర్వీసులను (వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రాములను) నడిపించే సిస్టమ్‌డీ, పడిపోయిన సర్వీసును తనంతట తానే తిరిగి లేపుతుందన్న ఒక్క కారణంతో, 2016లో మా కార్యాలయపు సర్వర్లు మూడింటినీ సెంటాస్ అనే లినక్స్ 6వ వెర్షన్ నుంచి, సిస్టమ్‌డీ ఉన్న 7కు మార్చాలని నేనే పట్టుబట్టాను. అంతకు ముందు ఆ కాపలా పని నిమిషానికొకసారి నడిచే ఒక క్రాన్ స్క్రిప్టు చేసేది. పిడ్ ఫైలులో (సర్వీసు ప్రాసెస్ నంబరు, అంటే పిడ్, రాసి ఉండే ఫైలులో) ఉన్న నంబరుతో వేరే ప్రాసెస్ ఏది నడుస్తున్నా సరే, మన సర్వీసు బతికే ఉందని అది నమ్మేది. సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైలులో ‘రీస్టార్ట్’ ఎదుట ‘ఆన్-ఫెయిల్యూర్’ అని రాయడంతో ఆ బాధ తీరింది. ప్రోగ్రామును బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ కొట్టి, రెప్పపాటులో సర్వీసు కొత్త పిడ్‌తో లేచి కూర్చోవడాన్ని తోటివారికి ముచ్చటగా చూపించేవాణ్ణి.

ఆ ముచ్చట 2018లో ఒక రాత్రి తీరిపోయింది. గిడ్డంగి నుంచి వచ్చే ఆర్డర్లను డేటాబేసులోకి చేర్చే సర్వీసు ఒకటి మా దగ్గర ఉంది. ఆ రాత్రి రెండు గంటలు దాటాక డేటాబేసు సర్వరును ప్యాచ్‌ల కోసం రీబూట్ చేశారు. అది నాలుగు నిమిషాల్లో తిరిగి వచ్చింది. మా సర్వీసు మాత్రం రాలేదు. ఉదయం తొమ్మిదింటికి గిడ్డంగి నుంచి ఫోన్: “రాత్రి నుంచి ఒక్క బిల్లూ పడలేదండీ.” చూస్తే స్టేటస్‌లో ‘ఫెయిల్డ్’ అని, పక్కన కారణంగా ‘స్టార్ట్-లిమిట్’ అని ఉంది. స్టార్ట్ కొట్టగానే, అసలేమీ జరగనట్టు, మొదటిసారికే లేచింది.

సిస్టమ్‌డీ రాసుకునే లాగులను చూపే జర్నల్‌సీటీఎల్‌లో వెనక్కి వెళ్లి చదివితే విషయం బోధపడింది. మొదటిసారి పడినది రెండు గంటల పద్నాలుగు నిమిషాల ఏడో సెకనున. ఇక లేపేది లేదని సిస్టమ్‌డీ తేల్చేసినది పదో సెకనున. ఆ మధ్యలో ఐదుసార్లు లేపింది, ఐదుసార్లూ డేటాబేసు దొరకక ప్రోగ్రాము పడిపోయింది. డీఫాల్టుగా రెండు ప్రయత్నాల మధ్య విరామం వంద మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఐదు ప్రయత్నాలు పూర్తయితే ఆరోది ఉండదు. నాలుగు నిమిషాలు లేని డేటాబేసు కోసం మూడు సెకన్లు ఎదురుచూసి, తరువాత ఏడు గంటలు చేతులు ముడుచుకు కూర్చున్న కాపలాదారును ఏమనాలి? నా అక్కసు అంతా ఈ వంద మిల్లీసెకన్ల మీదే. సర్వీసులు పడిపోయేది చాలాసార్లు అవతలి యంత్రమేదో కాసేపు అందకపోవడం వల్లనే కదా!

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. ఇంటర్నెట్‌లో చదివి, ఆ పది సెకన్ల గడువును నిర్ణయించే ‘స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్’ ను సున్నా చేస్తూ యూనిట్ ఫైలులోని ‘యూనిట్’ విభాగంలో రాసి, పరిమితి తొలగిందనుకుని నిశ్చింతగా ఉన్నాను. మూడు వారాల తరువాత సర్వీసు మళ్లీ అలాగే పోయింది. ఆ చోటు సిస్టమ్‌డీ 229వ వెర్షన్‌లో, ఆ పేరు 230వ దానిలో వచ్చినవి; సెంటాస్ 7లో ఉన్నది 219. అక్కడ సెట్టింగు పేరు చివర ‘సెక్’ లేదు, రాయవలసినది ‘సర్వీస్’ విభాగంలో. తెలియని పేరు కనబడితే సిస్టమ్‌డీ జర్నల్‌లో ఒక హెచ్చరిక పంక్తి రాసి, దాన్ని వదిలేసి సాగిపోతుంది. అప్పటి నుంచి ఆ యంత్రంలోనే ఉన్న మ్యాన్ పేజీ (సహాయ పత్రం) చూడకుండా ఏ సెట్టింగూ మార్చడం లేదు. ఈసారి పరిమితిని సరైన చోట సున్నా చేసి, ప్రయత్నాల మధ్య విరామాన్ని నిర్ణయించే ‘రీస్టార్ట్‌సెక్’ ను 10 సెకన్లు చేశాను. ఆ సర్వరును తీసేసేదాకా ఆ సర్వీసు మళ్లీ అలా పడి ఉండిపోలేదు.

లాగులన్నీ ఒకేచోట దొరుకుతాయని సిస్టమ్‌డీని మెచ్చుకునేవాణ్ణి. ఇప్పటికీ మెచ్చుకుంటాను, కానీ సెంటాస్ 7లో వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డరును మనం తయారు చేసుకోకపోతే రీబూట్‌తో అవన్నీ పోతాయి. ఆ ఉదయం అలవాటు కొద్దీ ఎవరైనా సర్వరును రీబూట్ చేసి ఉంటే, పైన చెప్పిన ఆ మూడు సెకన్ల కథ నాకు జర్నల్‌లో దొరికేది కాదు.

సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్‌తో ముగియడంతో ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 వెర్షన్‌కు మారాము. పాత సెట్టింగులే తెచ్చుకున్నాను. ఒక రాత్రి కాన్ఫిగ్ ఫైలులో ఎవరో చేసిన అక్షరదోషం వల్ల సర్వీసు తెల్లవార్లూ పది సెకన్లకొకసారి లేస్తూ పడుతూనే ఉంది, నాకు మాత్రం ఒక్క మెయిలూ రాలేదు. పరిమితి దాటితే తప్ప సర్వీసు ‘ఫెయిల్డ్’ స్థితికి చేరదు, చేరితే తప్ప ‘ఆన్‌ఫెయిల్యూర్’ అనే వేరే సెట్టింగు కింద పెట్టుకున్న, మెయిల్ పంపే యూనిట్ నడవదు. పరిమితిని నేనే తీసేశాను కనుక గంట తాడు కూడా నేనే కోసుకున్నట్టయింది.

సిస్టమ్‌డీ 254వ వెర్షన్ నుంచి విరామాన్ని మెట్లుమెట్లుగా పెంచుకునే వీలు వచ్చింది. ఇప్పుడు మా సర్వీసుకు విరామం ఒక సెకనుతో మొదలై ఆరు మెట్లలో రెండు నిమిషాలకు చేరుతుంది. అరగంటలో పదిహేను ప్రయత్నాలు దాటితే ఆగిపోయి నాకు మెయిల్ పంపుతుంది. నేను అంతగా తిట్టుకున్న పరిమితినే మళ్లీ పెట్టుకున్నానన్నమాట, కాకపోతే అంకెలు నావి. రాత్రిపూట కాపలాకు మనుషులు లేని, మూడే సర్వర్లున్న మా వంటి చోటికి ఇది సరిపోతోంది. వందల యంత్రాలు ఉన్నవారికి, డేటాబేసు తిరిగి రాగానే అందరూ ఒకేసారి దాని మీద పడకూడదనుకునేవారికి, ఈ అంకెలు పనికి వస్తాయని నేను చెప్పలేను.