కమీషన్ పని బానే ఉంటాది గానీ, ఆ 'రికవరీ' లైను ఒకటుంది చూశారూ

ఇన్సూరెన్స్ ఏజెన్సీ తీసుకుని రెండేళ్ళు దాటింది. పైడిభీమవరంలో ఫార్మా షిఫ్ట్ డ్యూటీ మానేశాక ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఎందుకని చేరాను. ఏజెంట్ అవ్వాలంటే రాయాల్సిన ఐసీ 38 పరీక్ష, ట్రైనింగు, మీటింగుల్లో చప్పట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. విజయనగరం సైడు ఎవరైనా జీతం తక్కువైనా జాబ్‌లో చేరాలా, కమీషన్ మీద తిరగాలా అని ఊగిసలాడుతుంటే వాళ్ళకోసం రాస్తున్నా, నా మంటంతా ఆ 'రికవరీ' లైను మీదే, అంటే పాలసీ రద్దయితే మనకిచ్చిన కమీషన్ వెనక్కి లాగేసుకోవడం.

మొదట్లో ఈ పనిని తెగ పొగిడాను. పంచింగ్ లేదు, నైట్ షిఫ్ట్ లేదు, ఒక మంచి పాలసీ పడిందంటే నా పాత నెల జీతం ఒక్క సంతకంతో వచ్చేస్తాది, ఇంకేటి కావాలి అనేవాణ్ణి.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి, మా మావయ్యకి తెలిసినాయన. ఆయన చుట్టూ నెలల తరబడి తిరిగాను. విజయనగరంలో పాసింజర్ ఎక్కి వెళ్ళడం, ఆయనేమో పిక్కల బస్తాల మధ్య కుర్చీ వేసుకుని 80 కేజీల బస్తా రేటు గురించి ఫోన్లో ఎవరితోనో గొడవ పడుతుండటం, నేను ఎదురుగా కూర్చుని బ్రోచర్ మడతపెట్టడం విప్పడం, ఇదే పని. ఆఖరికి ఒకరోజు 'ఏటి బావూ నీ గోల, తే, సంతకం ఎక్కడెట్టాల' అన్నాడు. ఏడాదికి లక్ష ప్రీమియం. మెడికల్స్ అయ్యాయి, పాలసీ ఇష్యూ అయింది, ముందే పట్టుకునే పన్ను, 2 శాతం టీడీఎస్ పోను పాతికవేల దాకా అకౌంట్లో పడింది. ఇంటద్దె, పాప స్కూల్ ఫీజు, బండికి టైర్లు, వచ్చింది వచ్చినట్టే అయిపోయింది.

ఇంతలో ఆయన కొడుకు బెంగళూరు నుంచి దిగాడు. బాండ్, అదే పాలసీ కాగితం చూసి, ఇంత కడితే వచ్చేది ఇంతేనా, మనిషి పోతేనే డబ్బులొచ్చే టర్మ్ పాలసీ ఒకటి తక్కువలో తీసుకుని మిగతాది ఫండ్‌లో వేసుకుంటే పోలా అన్నాడట. కుర్రాడు చెప్పింది తప్పని నేనూ అనను. బాండ్ అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఫ్రీ లుక్ అంటారు, కొనేవాడికి మంచి రూలే, మా ఇంట్లో వాళ్ళకైనా అదే చెప్తాను. పెద్దాయన ఫోన్ చేసి 'మా గుంటడు వద్దంతన్నాడు నాయనా, ఏటనుకోకు' అన్నాడు. ఏటనుకుంటాం. మెడికల్ ఖర్చులూ స్టాంపు ఖర్చులూ లాంటివి కోసుకుని ఆయన డబ్బులు ఆయనకి ఇచ్చేశారు.

తర్వాతి నెల చీపురుపల్లిలో, రాజాంలో చిన్నాచితకా పాలసీలు కొన్ని లాగిన్ చేశాను. స్టేట్‌మెంట్ ఓపెన్ చేస్తే పైన వాటి కమీషన్లు, కింద 'రికవరీ' అని పలాస పాలసీది మొత్తం, ఆఖర్న నెట్ పేయబుల్ దగ్గర మైనస్. మైనస్సండీ! నెలంతా నా పెట్రోల్ పోసుకుని తిరిగి నేనే కంపెనీకి బాకీ పడ్డాను. బ్రాంచ్‌కి వెళ్ళి అడిగితే మేనేజర్ 'అగ్రిమెంట్‌లో ఉంది కదా సార్, నెక్స్ట్ మంత్ రెండు పెద్దవి కొట్టండి, క్లియర్ అయిపోద్ది' అని టీ తెప్పించాడు. మరి నా పెట్రోల్ రికవరీ ఎవరిస్తారంటే నవ్వాడు.

ఫ్రీ లుక్ ఒక్కటే అయితే ఆ 30 రోజులు ఎలాగోలా గడిపేయొచ్చు. 2024 అక్టోబర్ నుంచి, ఒక ఏడాది ప్రీమియం కట్టి మానేసినా సరెండర్ వేల్యూ, అంటే కట్టినదాంట్లో కొంత తిరిగి ఇవ్వాలని రూల్ వచ్చాక, అలా మానేసిన పాలసీల మీద కూడా కమీషన్ వెనక్కి లాగే పద్ధతి కొన్ని కంపెనీల్లో మొదలైంది. మన జిల్లాల్లో అది ఇంకా డేంజర్, ఎందుకంటే సగం మంది హైదరాబాద్ పనులకో, గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకో వెళ్ళిపోతారు, అకౌంట్లో బేలెన్స్ ఉండదు, ప్రీమియం ఆటోమేటిగ్గా కట్ అయ్యే మేండేట్ బౌన్స్, మంత్లీ కట్టేవాళ్ళకి గడువు దాటాక ఇచ్చే గ్రేస్ 15 రోజులే.

పంచింగ్ లేదు, నైట్ షిఫ్ట్ లేదు అన్నాను కదా, టైము మన చేతిలో ఉంటాదనేది కూడా సగమే నిజం. కస్టమర్ దొరికేది రాత్రి ఎనిమిది దాటాక, లేదా ఆదివారం. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తీసేస్తున్నామని ముందే చెప్పేసరికి 22వ తారీకు దాకా ఒక్కడూ పెన్ను ముట్టుకోలేదు, టర్మ్ మీద 18 శాతం తగ్గుతుంటే ఎవడు మాత్రం తొందరపడతాడు. ఆ తర్వాత బానే కదిలింది గానీ అంతలోనే దసరా, వెంటనే మన సిరిమానోత్సవం, పండగల్లో ఇన్సూరెన్స్ మాట ఎత్తితే పులిహోర పెట్టి పంపించేస్తారు.

ఇంకోటి, ఫార్మాలో ఉన్నప్పుడు జీతం 21 వేల లోపే కాబట్టి ఈఎస్‌ఐ ఉండేది, అది పోయింది. ఊరందరికీ ఇన్సూరెన్స్ అమ్మేవాడికి సొంతంగా హాస్పిటల్ కార్డు లేదు, మా ఆవిడ ఇదే మాట మా అత్తారింట్లో చెప్పి నవ్విస్తాది.

అలాగని చెత్త అని రాయలేను. కస్టమర్ తర్వాతి ఏళ్ళ ప్రీమియం కట్టినప్పుడల్లా వచ్చే రెన్యూవల్ కమీషన్ అనేదొకటి ఉంది, చిన్న మొత్తమే, కానీ మొదటి ఏడాది అమ్మినవి ఇప్పుడు నేను ఇంట్లో పడుకున్నా వస్తున్నాయి. సంక్రాంతికి వలస వెళ్ళినోళ్ళంతా దిగుతారు కాబట్టి ఏడాదికోసారి కట్టేవాళ్ళ డేట్లు జనవరికి వచ్చేలా చూసుకున్నాను, అవి మాత్రం పెద్దగా పోలేదు. ఈ ఒక్కదానికీ మూడు స్టార్లు ఇస్తా.

నా సంగతి వేరు కూడా, మా ఆవిడకి ప్రైవేట్ స్కూల్లో జీతం వస్తాది, మైనస్ వచ్చిన నెల పొయ్యి వెలిగింది దానివల్లే. సొంతిల్లు, పొలం మీద నాలుగు గింజలు ఉన్నోళ్ళకి నా లెక్క వర్తించకపోవచ్చు. విజయనగరంలో ఒక మెడికల్ ఏజెన్సీ వాళ్ళు బిల్లింగ్‌కి రమ్మన్నారు, 16 వేలు, పీఎఫ్, ఈఎస్‌ఐ, ఒకటో తారీకు నుంచి వెళ్తున్నా. ఇన్సూరెన్స్ మాత్రం వదలట్లేదు, సాయంత్రాలూ ఆదివారాలూ చేస్తా, కాకపోతే లక్ష ప్రీమియం పార్టీ అయితే ముందు ఇంట్లో కొడుకుతో మాట్లాడాకే ఫారం తీస్తా.