కోచ్ వెళ్ళిపోయిన చిన్న కాలేజీకి ఎవరు మేలు: ఉన్న అసిస్టెంటా, బయటివాడా?

2023 మార్చిలో ఫెయిర్లీ డికిన్సన్ అనే న్యూజెర్సీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పర్డ్యూ యూనివర్సిటీని 63-58తో ఓడించింది. ఆ ఏడు దేశంలోకెల్లా పొట్టి జట్టు వీళ్ళదే. అవతల ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ. పురుషుల జాతీయ టోర్నమెంటు చరిత్రలో 16వ సీడ్ జట్టు, అంటే అట్టడుగు ర్యాంకుది, ఒకటో సీడ్‌ని ఇంటికి పంపడం అది రెండోసారి మాత్రమే. కాలేజీలో సంబరాలు ఇంకా చల్లారనేలేదు, వారం తిరక్కుండానే కోచ్ టోబిన్ ఆండర్సన్ ఐయోనా కాలేజీకి వెళ్ళిపోయాడు. ఐయోనాలో ఖాళీ ఎందుకొచ్చిందంటే, అక్కడి కోచ్ రిక్ పిటినోని సెయింట్ జాన్స్ ఎగరేసుకుపోయింది. ఫెయిర్లీ డికిన్సన్ చేసేదేముంది? అసిస్టెంట్ కోచ్ జాక్ క్యాసిల్‌బెర్రీని పిలిచి పగ్గాలు చేతికిచ్చింది.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ప్రతి వసంతంలోనూ ఈ తంతు జరుగుతుంది. పై అంతస్తయిన డివిజన్ వన్‌లో 360కి పైగా జట్లుంటే, మార్చి టోర్నమెంటులో చోటు 68కి. చిన్న లీగుల నుంచి చాలామటుకు ఛాంపియన్ ఒక్కడికే టికెట్టు. అలా వెళ్ళి ఒకటి రెండు ఆటలు గెలిచిన కోచ్‌కి పెద్ద కాలేజీలు ఎన్నో రెట్లు జీతం చూపిస్తాయి. అంత డబ్బు వద్దని ఎవరూ అనరు, అనాల్సిన పనీ లేదు. అందుకే కోచ్ వెళ్ళిపోయాడని ఏడవడం నాకు దండగ అనిపిస్తుంది. అసలు తేల్చుకోవాల్సింది ఆ తర్వాతి రెండు వారాల్లో: కాలేజీ ఆటల వ్యవహారాలు చూసే అథ్లెటిక్ డైరెక్టర్ ఎవరికి ఫోన్ చెయ్యాలి?

మొదటి దారి, పక్క కుర్చీలో ఉన్న అసిస్టెంట్. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. పదేళ్ళుగా కళ్ళముందు తిరిగే మనిషి హెడ్ కోచ్‌లా కనపడడు. దాతలకీ పాత విద్యార్థులకీ కొత్త పేరుంటేనే ఉత్సాహం. కానీ చిన్న కాలేజీల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప నియామకం పెరట్లోంచి వచ్చిందే.

1999లో గొంజాగా అనే చిన్న కాలేజీ పదో సీడ్‌గా బయల్దేరి ఎలీట్ ఎయిట్, అంటే చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్ళింది. తొలి రౌండ్‌లో వాళ్ళ చేతిలో ఓడింది మిన్నెసోటా. ఆ వేసవిలో చదువుల కుంభకోణంలో ఇరుక్కున్న మిన్నెసోటాకి కొత్త కోచ్ కావాల్సివస్తే, తమను ఓడించిన డాన్ మాన్సన్‌నే తీసుకెళ్ళింది. గొంజాగా తన దగ్గరే పదేళ్ళు పనిచేసిన మార్క్ ఫ్యూని కూర్చోబెట్టింది. ఆయన ఇవాళ్టికీ అక్కడే ఉన్నాడు. 2017లో ఒకసారి, 2021లో ఒకసారి జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. రెండూ ఓడిపోయారు, అది వేరే సంగతి. గొంజాగా ఉన్న స్పోకేన్ అనే ఊరిపేరు దేశానికి తెలిసిందే ఆ జట్టు వల్ల. మాన్సన్‌కి మిన్నెసోటా అచ్చిరాలేదు. ఆ తర్వాత లాంగ్ బీచ్ స్టేట్‌లో చాలా ఏళ్ళు ఉన్నాడు. 2024లో వాళ్ళు ఈ సీజన్‌తో సరి అని చెప్పేశాక, ఆయన లీగు టోర్నమెంటు గెలిచి జట్టుని జాతీయ టోర్నమెంటుకి తీసుకెళ్ళాడు. ఉద్యోగం పోయిందని తెలిసీ అలా ఆడించడం చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

రెండో ఉదాహరణ ఇండియానాపొలిస్‌లోని బట్లర్. 2007లో టాడ్ లిక్‌లైటర్ ఐయోవా యూనివర్సిటీకి వెళ్ళిపోగానే, 30 ఏళ్ళ అసిస్టెంట్ బ్రాడ్ స్టీవెన్స్‌ని హెడ్ కోచ్ చేశారు. అంతకు ఏడేళ్ళ కిందట ఇలై లిలీ కంపెనీలో మంచి ఉద్యోగం వదులుకుని బట్లర్‌లో చేరిన కుర్రాడు. నిర్ణయం తీసుకున్న అథ్లెటిక్ డైరెక్టర్ బ్యారీ కాలియర్ ఒకప్పుడు అదే జట్టుకి కోచ్. ఆట ఎలా ఆడాలో, ఎలాంటి పిల్లల్ని తేవాలో తానే వేసిన బాట కనక, అందులో నడిచినవాణ్ణి గుర్తుపట్టడం ఆయనకి కష్టం కాలేదు. స్టీవెన్స్ 2010లోనూ 2011లోనూ ఫైనల్ ఆడించాడు. డ్యూక్‌తో 61-59 ఆటలో ఆఖరి క్షణాన గోర్డన్ హేవర్డ్ సగం కోర్టు నుంచి విసిరిన బంతి బోర్డుకి తగిలి, రింగుకి తగిలి బయటపడింది. అది పడుంటే ఈ వ్యాసం రాయక్కర్లేకపోయేదేమో, ఎవరిని అడిగినా అసిస్టెంటే మేలనేవాళ్ళు.

అయితే అదే బట్లర్‌లో అదే సూత్రం రెండోసారి పనిచెయ్యలేదు. 2013 జులైలో స్టీవెన్స్ బోస్టన్ సెల్టిక్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి వెళ్ళాడు. మళ్ళీ లోపలివాడినే, ఒకప్పటి బట్లర్ ఆటగాడు బ్రాండన్ మిల్లర్‌ని పెట్టారు. ఆ ఏడే జట్టు బిగ్ ఈస్ట్ అనే చాలా గట్టి లీగులో అడుగుపెట్టింది. 14 గెలుపులు, 17 ఓటములు. తర్వాతి సీజన్ మొదలయ్యేలోపే ఆయన ఆరోగ్య కారణాలతో సెలవు పెట్టాల్సివచ్చింది. ఆ ఓటముల తప్పంతా ఆయన మీద వెయ్యడం అన్యాయం. ఇంట్లో నేర్చుకున్న పద్ధతి పాత లీగుకి కుట్టిన చొక్కా, కొత్త లీగులో అది చాల్లేదు. లయోలా షికాగో సంగతీ కాస్త ఇలాంటిదే. 2021లో పోర్టర్ మోజర్ ఓక్లహోమాకి వెళ్ళాక, 29 ఏళ్ళ అసిస్టెంట్ డ్రూ వాలంటైన్‌ని పెట్టారు. మొదటి ఏడే టోర్నమెంటు. మరుసటి ఏడు అట్లాంటిక్ టెన్ లీగుకి మారగానే జట్టు కుదేలైంది. ఇక్కడ కాలేజీ ఓపిక పట్టింది, 2024కల్లా ఆ లీగులో అగ్రస్థానం పంచుకున్నారు.

రెండో దారి, పెద్ద కాలేజీ అసిస్టెంట్ని తేవడం. రిచ్‌మండ్‌లోని వీసీయూ (వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ) దీన్ని ఒక కళగా చేసింది. ఫ్లోరిడాలో బిల్లీ డోనొవన్ దగ్గర పనిచేసిన ఆంథొనీ గ్రాంట్‌ని 2006లో తెచ్చారు. మరుసటి మార్చిలో డ్యూక్‌ని ఓడించారు. 2009లో అలబామా ఆయన్ని తీసుకెళితే, మళ్ళీ అదే ఫ్లోరిడా బెంచీ నుంచి షాకా స్మార్ట్. 2011లో ఆయన జట్టు టోర్నమెంటు గుమ్మం దగ్గరి అదనపు రౌండ్ నుంచి మొదలుపెట్టి, కాన్సస్‌ని కూడా పడగొట్టి ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్‌కి చేరింది. అక్కడ ఎదురైంది ఎవరు? బట్లర్. పెరటి కుర్రాడి జట్టూ, బయటినుంచి వచ్చిన కుర్రాడి జట్టూ ఒకే కోర్టు మీద. బట్లర్ 70-62తో గెలిచింది. దాన్ని బట్టి తీర్పు చెప్పెయ్యడం తొందరపాటు, కానీ ఏటా మార్చి వచ్చేసరికి ఆ ఆట నాకు గుర్తొస్తుంది.

ఈ దారిలో చిక్కేమిటంటే, పెద్ద కాలేజీ అసిస్టెంట్ పెద్ద కాలేజీ సరంజామాకి అలవాటుపడి ఉంటాడు. ప్రత్యేక విమానాలు, నలుగురైదుగురు విశ్లేషకులు, షూ కంపెనీ డబ్బు. చిన్న చోట రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి పొద్దున్నే ప్రాక్టీసు పెట్టాలి, ఆటల షెడ్యూలూ తనే చూసుకోవాలి. పైగా వచ్చినరోజు నుంచే ఆయన కన్ను తర్వాతి మెట్టు మీద ఉంటుంది. వీసీయూ దానికి సిద్ధపడే తెచ్చింది, నొచ్చుకోలేదు. అందరికీ ఆ గుండె ఉండదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉన్నది మూడో దారి: డివిజన్ టూ నుంచి, అంటే కింది అంతస్తులో ఏళ్ళ తరబడి గెలుస్తున్న హెడ్ కోచ్‌ని పైకి తేవడం. టోబిన్ ఆండర్సన్ అలా వచ్చినవాడే. ఫెయిర్లీ డికిన్సన్ ఆయన రాకముందు ఏడాది నాలుగు ఆటలు గెలిచి 22 ఓడింది. ఆయన న్యూయార్క్‌లోని సెయింట్ థామస్ అక్వైనస్ నుంచి వస్తూ తన ఆటగాళ్ళు డిమీటర్ రాబర్ట్స్, గ్రాంట్ సింగిల్టన్, షాన్ మూర్‌లను వెంట తెచ్చుకున్నాడు. పర్డ్యూని పడగొట్టిన రోజు వాళ్ళ జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టింది మూరే. అంటే ఆ కాలేజీ కోచ్‌ని ఒక్కణ్ణే కాదు, కుదురుకున్న జట్టులో సగాన్ని తెచ్చుకుంది.

ఇండియానా స్టేట్ కథా ఇదే. ఒకప్పుడు బాస్కెట్‌బాల్ దిగ్గజం లారీ బర్డ్ ఆడిన కాలేజీ. లింకన్ మెమోరియల్ అనే చిన్న చోట గెలుస్తూ వచ్చిన జాష్ షర్ట్జ్‌ని 2021లో తెచ్చారు. మూడో ఏడాదికి కళ్ళజోడు పెట్టుకుని ఆడే సెంటర్ రాబీ అవీలాతో దేశమంతా మాట్లాడుకునే జట్టైంది, 32 ఆటలు గెలిచింది. పెద్ద టోర్నమెంటుకి పిలుపు రాలేదు. పెద్ద టోర్నమెంటుకి పిలుపు రానివాళ్ళు ఆడే ఎన్ఐటీ ఫైనల్లో సీటన్ హాల్ చేతిలో 79-77తో ఓడాక షర్ట్జ్ సెయింట్ లూయీకి వెళ్ళాడు, అవీలా ఆయన వెంటే. మరుసటి ఏడు ఇండియానా స్టేట్ గెలిచిన ఆటలకన్నా ఓడినవే ఎక్కువ.

ఇక డ్రేక్ యూనివర్సిటీ. 2024లో కోచ్ డేరియన్ డెవ్రీస్ వెస్ట్ వర్జీనియాకి వెళితే కొడుకు టక్కర్, ఆ జట్టులో అందరికన్నా మంచి ఆటగాడు, తండ్రితోపాటే వెళ్ళాడు. డ్రేక్ నార్త్‌వెస్ట్ మిసోరీ స్టేట్ నుంచి బెన్ మెకాలమ్‌ని తెచ్చింది. అక్కడ నాలుగు జాతీయ టైటిళ్ళు గెలిచినవాడు. ఆయన వెంట నలుగురు ఆటగాళ్ళు వచ్చారు. వాళ్ళలో బెన్నెట్ స్టర్ట్జ్ అనే గార్డు దాదాపు ఆటంతా కోర్టు మీదే ఉండేవాడు, బెంచీ మీద కూర్చోబెట్టడమంటే కోచ్‌కి ప్రాణం మీదికొచ్చేది. దేశంలో అతి నెమ్మదిగా ఆడే జట్లలో అదొకటి. బంతిని అటూ ఇటూ తిప్పి తిప్పి, ఎదుటివాళ్ళు విసిగిపోయాక షాటు కొట్టేవాళ్ళు. 31 గెలుపులు, నాలుగు ఓటములు. టోర్నమెంటులో మిసోరీని ఓడించారు. ఒక్క సీజన్. ఆ వసంతంలోనే ఐయోవా యూనివర్సిటీ మెకాలమ్‌ని తీసుకెళ్ళింది. స్టర్ట్జ్ కూడా వెళ్ళాడు.

ఒక్క ఏడాదికి ఇంత హడావిడా అంటారా? నేనైతే లాభమే అంటాను. అంతకుముందు కాలేజీకి ఎప్పుడూ రానన్ని గెలుపులు వచ్చాయి. కోచ్ ఉండిపోయి ఏడేళ్ళు సగం ఆటలు గెలవడం, సగం ఓడడం దీనికన్నా మేలని చెప్పేవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

నాలుగో దారి, సాటి చిన్న కాలేజీ హెడ్ కోచ్‌ని తెచ్చుకోవడం. దీనికి పేరు రాదు, పత్రికల్లో పెద్ద వార్త రాదు. 2022లో జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ 15వ సీడ్‌గా కెంటకీ, మరే స్టేట్, పర్డ్యూలను ఓడించి ఎలీట్ ఎయిట్‌కి చేరింది. 15వ సీడ్ జట్టేదీ అంతదాకా వెళ్ళింది లేదు. జెర్సీ సిటీలో ఉండే మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఆ కాలేజీ పక్కనుంచి రోజూ పోయేవాళ్ళే. కోచ్ షహీన్ హాలోవే రోజుల్లోనే తాను చదువుకున్న సీటన్ హాల్‌కి వెళ్ళాడు. జట్టు చెల్లాచెదురైంది. డారిల్ బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కి, మీసాల డగ్ ఎడర్ట్ బ్రయంట్‌కి, డ్రామే కవలలు లా సాల్‌కి. మిగిలింది పేరూ, ఖాళీ జిమ్మూ. వాళ్ళు వాగ్నర్ కాలేజీలో పదేళ్ళుగా ఉన్న బషీర్ మేసన్‌ని తెచ్చారు. తక్కువ డబ్బుతో, చిన్న బస్సుతో, ఎవరూ పట్టించుకోని పిల్లలతో జట్టు కట్టడం ఆయనకి కొత్త కాదు. మొదటి ఏడు నలిగిపోయారు. రెండో ఏడు, 2024లో, లీగు గెలిచి మళ్ళీ టోర్నమెంటుకి. అదే మార్చిలో ఆయన వదిలొచ్చిన వాగ్నర్ కూడా ఆడగలిగే ఏడుగురితో అక్కడికే వచ్చింది.

వారసత్వం అనే ఐదో దారీ ఉంది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోను. డేవిడ్‌సన్‌లో 33 ఏళ్ళున్న బాబ్ మెకిలప్ 2022లో దిగిపోతే కొడుకు మ్యాట్ వచ్చాడు. ఇప్పటి బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫ్ కరీ ఒకప్పుడు ఆడిన ఆ ఇంటి లెక్క ఇంకో కాలేజీకి వర్తించదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా కనపడేది ఒక్క చోటే. 1999లో గొంజాగా ఆటగాడు వేరే కాలేజీకి వెళితే ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాలి. 2007లో బట్లర్‌లోనూ అంతే. అందుకని కోచ్ పోయినా జట్టు ఇంట్లోనే ఉండేది, తెలిసిన ముఖం ఒకటి చాలు నడిపించడానికి. 2021లో ఆ అడ్డు ఒకసారికి తీసేశారు, 2024కల్లా ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. ఇప్పుడు కోచ్ వెళ్ళిన సాయంత్రమే సగంమంది పేర్లు కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో ఉంటాయి. జట్టే మిగలనప్పుడు దాన్ని ఎరిగిన అసిస్టెంట్‌తో పనేముంది? ఫెయిర్లీ డికిన్సన్ అసిస్టెంట్నే నమ్ముకుంది. 2024లో వాళ్ళ లీగు నుంచి వాగ్నర్, 2025లో సెయింట్ ఫ్రాన్సిస్ టోర్నమెంటుకి వెళ్ళాయి, ఫెయిర్లీ డికిన్సన్ కాదు.

కాబట్టి నేను అథ్లెటిక్ డైరెక్టర్నైతే ముందు ఆటగాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి అడుగుతాను, ఎవరుంటారని. ముఖ్యమైన నలుగురైదుగురు ఉంటామంటే అసిస్టెంటే. వెళ్ళిపోతున్నామంటే డివిజన్ టూ విజేత, తన పిల్లల్ని వెంట తెస్తానంటే మరీ మంచిది. చేతిలో డబ్బు లేదు, మళ్ళీ సున్నా నుంచి కట్టాలంటే మేసన్ లాంటివాడు. పెద్ద కాలేజీ అసిస్టెంట్‌ని మాత్రం ఆఖర్న చూస్తాను, వీసీయూ అంత జిమ్మూ అంత జనమూ ఉన్నచోట తప్ప. ఎవరు వచ్చినా ఒప్పందంలో బైఅవుట్, అంటే గడువుకి ముందే వెళ్తే కట్టాల్సిన సొమ్ము, గట్టిగా రాయిస్తాను, ఎందుకంటే వెళ్ళడం ఖాయం, ఆ డబ్బుతోనే తర్వాతివాణ్ణి తేవాలి.

2025లో మెకాలమ్ వెళ్ళాక డ్రేక్ సౌత్ డకోటా స్టేట్ నుంచి ఎరిక్ హెండర్సన్‌ని తెచ్చుకుంది. హెండర్సన్ అక్కడ 2019లో అసిస్టెంట్‌గా ఉండి పైకొచ్చినవాడే, 2022లో లీగులో ఒక్క ఆటా ఓడకుండా 18 గెలిపించాడు. ఆయన పోయాక సౌత్ డకోటా స్టేట్ మళ్ళీ తన అసిస్టెంట్ బ్రయన్ పీటర్సన్‌నే కూర్చోబెట్టింది. డ్రేక్ చేసింది సరైన పనే అంటాను. సౌత్ డకోటా స్టేట్ విషయంలో మాత్రం పందెం కాయను, ఒకసారి ఫలించిన దారి బట్లర్‌లో రెండోసారి ఏమైందో చూశాం కదా.