కోనసీమ చెమ్మలో లేజర్ మల్టీఫంక్షన్ ప్రింటరు: నాలుగు వానాకాలాల వాడకం తర్వాత

కొన్న కొత్తలో ఎవరడిగినా ఒకటే చెప్పేవాళ్లం. రెండు నెలలు ముట్టుకోకపోయినా స్విచ్ వేయగానే మొదటి కాగితమే నల్లగా, శుభ్రంగా వస్తుందని. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే దానికి ఇంకో ముక్క చేర్చాలి: మెషీన్ ఎన్నాళ్లు పడుకున్నా ఫరవాలేదు, ట్రేలో కాగితం మాత్రం పడుకోకూడదు. అమలాపురం, రాజోలు చుట్టుపక్కల కాలవ గట్టునో కొబ్బరితోట మధ్యనో ఇల్లున్నవాళ్లకి కొనేముందు తెలియాల్సింది ఈ రెండో ముక్కే.

మెషీన్ మామూలు బ్లాక్ అండ్ వైట్ మల్టీఫంక్షన్. పైన గాజు, దాని మీద కాగితాలని ఒక్కొక్కటిగా తనే లోపలికి లాక్కుని కాపీ తీసే ఫీడరు, కింద ట్రే, రెండువైపులా దానంతటదే ప్రింటు వేసే సదుపాయం. వేగం, డీపీఐ లాంటివి పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఇప్పటికి మీటరు 9,600 పేజీలు దాటింది. అందులో సగానికి పైగా జిరాక్సులే: ఆధార్, పాసు పుస్తకం, 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. పంట రుణం రెన్యువల్ అన్నా, ఊరి సచివాలయంలో దరఖాస్తు అన్నా ఈ కట్టంతా మళ్లీ మొదటినుంచీ కావాల్సిందే కదా.

లేజర్ ఎంచుకోవడానికి కారణం కూడా అదే వాడకం. ఒక్కోసారి వారాల తరబడి ఒక్క కాగితం ఉండదు, ఒక్కోరోజు నలభైకి పైగా పడతాయి. ఇంకు ట్యాంకు ప్రింటర్లకి ఇలాంటి వాడకం పడదు. ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్ సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది, క్లీనింగ్ కొట్టిన కొద్దీ ఇంకు ఖర్చైపోతుంది. లేజర్‌లో ఉండేది మెత్తటి ప్లాస్టిక్ పొడి, టోనరు. ఎండిపోవడానికి అందులో తడే లేదు. ఈ ఒక్క గుణానికి నాకు ఈ మెషీన్ అంటే ఇప్పటికీ ఇష్టం.

ఇక జరిగిన గొడవ. రెండో ఏడాది శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. ఆధార్ జిరాక్సు తీస్తే అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ ఫొటో మీద, నల్లగా నిండుగా ఉండాల్సిన చోటల్లా తెల్ల మచ్చలు. ముదురు రంగు చొక్కా మీద బ్లీచింగ్ చుక్కలు పడ్డట్టు, ప్రతి కాగితానికీ ఒక్కో చోట. రెండురోజులకి కాగితం గొట్టంలా చుట్టుకుని బయటికి రావడం మొదలైంది. రెండువైపులా ప్రింటు ఇస్తే మొదటి వైపు బాగానే పూర్తయ్యేది, వెనక్కి తిరిగేటప్పుడు ఇరుక్కునేది. కాగితం బయటికొచ్చే చోట సన్నగా పొగలాంటిది కూడా కనిపించింది. అది చూసి మెషీన్ కాలిపోతోందేమోనని ఎవరైనా హడలిపోతారు.

వచ్చిన మెకానిక్ చూడగానే "డ్రమ్ము పోయిందండి, కార్ట్రిడ్జ్ మార్చేయాల్సిందే" అన్నాడు. డ్రమ్ము అంటే టోనరుని కాగితం మీదికి చేర్చే గుండ్రటి కడ్డీ, మా మెషీన్‌లో కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. మార్చాడు. కాపీ అద్దంలా వచ్చింది. డబ్బులు ఇచ్చి పంపించేశాం. నాలుగోరోజుకి మచ్చలు మళ్లీ ప్రత్యక్షం. జరిగిందేమిటో అప్పుడు తట్టింది: కొత్త కార్ట్రిడ్జ్ పరీక్షించడానికి అతను కొత్త రీము, అంటే సీలు తీయని కాగితాల కట్ట, విప్పాడు. బాగుచేసింది కార్ట్రిడ్జ్ కాదు, విప్పిన కాగితం. పాత కార్ట్రిడ్జ్ తీసి పెట్టి, కొత్త రీము కాగితంతో చూస్తే అదీ నిక్షేపంగా పనిచేసింది. పెద్ద ఖర్చు ఊరికే పోయింది.

ఇలాంటి మచ్చలొస్తే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. సీలు తీయని రీము ఒకటి విప్పి పది కాగితాలు తీయండి. ట్రేలో ఉన్నవి పది తీయండి. ఒకే కార్డుని రెండు రకాల కాగితం మీదా జిరాక్సు కొట్టండి. కొత్తవాటి మీద బాగా వచ్చి పాతవాటి మీద మచ్చలొస్తే మెకానిక్‌ని పిలవక్కర్లేదు. రెండింటి మీదా ఒకేలా వస్తే అప్పుడు కార్ట్రిడ్జ్‌ని అనుమానించాలి. డ్రమ్ము మీద గీతో చుక్కో పడితే ఆ మరక ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంది. చిన్న లేజర్లలో ఎక్కువగా ఉండే 24 మి.మీ. వ్యాసమున్న డ్రమ్ముకైతే ఆ దూరం సుమారు 75 మి.మీ. చెమ్మ మచ్చలకి అలాంటి లెక్క ఉండదు, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. స్కేలు పెట్టి కొలిస్తే ఏది ఏదో తేలిపోతుంది.

చెమ్మ కాగితం ఎందుకిలా చేస్తుందంటే, డ్రమ్ముకి అంటుకున్న టోనరుని కాగితం మీదికి లాగేది దాని వెనకనున్న ట్రాన్స్‌ఫర్ రోలరు ఇచ్చే కరెంటు ఛార్జి. ఆరిన కాగితం ఆ ఛార్జిని ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది. చెమ్మ పట్టిన కాగితంలో అది పక్కలకి జారిపోతుంది, లాగే బలం తగ్గి టోనరు కొంత డ్రమ్ము మీదే ఉండిపోతుంది. సన్నటి అక్షరాల్లో ఇది పెద్దగా తెలియదు, నిండు నలుపులో బయటపడుతుంది. ఆ తర్వాత ఫ్యూజరు. 200 డిగ్రీలకి అటూ ఇటూగా వేడెక్కి టోనరుని కరిగించి కాగితానికి అతికించేది అదే. కాగితంలో నీరుంటే ఆ వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మనం పొగ అనుకున్నది ఆ ఆవిరే. రెండు ముఖాలూ సమానంగా ఆరవు గనక కాగితం ఒకవైపుకి ముడుచుకుని గొట్టమవుతుంది. గొట్టమైనది రెండో వైపు ప్రింటుకి లోపలికి వెళ్తే ఇరుక్కోక ఏం చేస్తుంది?

చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. కొత్త రీములోంచి తీసిన కాగితం మూల పట్టుకుని ఆడిస్తే టపటపలాడుతుంది. నాలుగురోజులు ట్రేలో ఉన్నది గాలికి వదిలేసిన అప్పడంలా మెత్తబడి, చప్పుడు లేకుండా వాలిపోతుంది. అంచులు సన్నగా అలలు తిరిగి ఉంటాయి.

నా కోపమంతా ఈ మెషీన్ ట్రే మీద. ముందు తలుపు కిందికి వాల్చి, కాగితం అక్కడ ఆరుబయట పరిచి పెట్టాలి. దానికి మూత లేదు. పక్కపక్కనే ఉన్న రెండు మోడళ్లలో ధర ఎక్కువున్న దానికి సొరుగులా లోపలికి తోసే ట్రే ఉంది. ఆ తేడాని షాపులో ఎవరూ ఎత్తనైనా ఎత్తలేదు, మేమూ అడగలేదు. సొరుగు ట్రే చెమ్మని పూర్తిగా ఆపుతుందని కాదు, ఆలస్యం చేస్తుంది. దుమ్మూ చీమలూ పడకుండా కూడా కాపాడుతుంది. ఆఫీసుల్లో నిలువెత్తు కాపియర్లలో కాగితం సొరుగు కింద చెమ్మ తీయడానికి చిన్న హీటరు పెట్టుకునే వీలుంటుంది. ఇంటి మెషీన్లలో ఆ సంగతే లేదు. ఇలాంటి మెషీన్ల పుస్తకాల్లో వాడాల్సిన గది తేమ 20 నుంచి 80 శాతం అని రాసి ఉంటుంది. డెల్టాలో ముసురు రోజుల్లో 80 దాటడం ఎంతసేపు?

అందుకని ఇప్పుడు మా పద్ధతి ఇది. ట్రేలో ఎప్పుడూ కాగితం ఉంచం. పని పడినప్పుడు ఎన్ని కావాలో అన్నే పెట్టి, మిగిలితే తీసేస్తాం. రీము పైకాగితాన్ని చింపి అవతల పడేయకూడదు, దాని లోపలి పొర చెమ్మని ఆపడానికే. ఒక కొస మాత్రమే కత్తిరించి, కావాల్సినన్ని లాగి, మళ్లీ మడిచి టేపు వేసి, రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. 500 కాగితాల A4 రీము పడుకోబెట్టే సైజు డబ్బా పాత్రల షాపుల్లో దొరుకుతుంది. అందులో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేస్తాం. నేల మీదా, గోడకి ఆనించీ డబ్బా పెట్టకూడదు. వానాకాలం మూడు రీములు కలిపి కొని నిల్వ చేయడం కూడా మానేశాం. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువున్న) కాగితం చెమ్మకి తొందరగా లొంగిపోతోంది, రెండువైపులా ప్రింటుకి 75 గానీ 80 గానీ మేలు. మంచు పడే ధనుర్మాసం పొద్దుటిపూటలు కూడా వానాకాలంతో సమానమేనని మూడో ఏడాదికి అర్థమైంది.

ఇప్పటికే మెత్తబడిన కాగితం తప్ప వేరే దిక్కు లేనప్పుడు రెండు ఉపాయాలున్నాయి. కాగితాల కట్టని తిరగేసి పెడితే చుట్టుకోవడం కొంత తగ్గుతుంది. ప్రింటరు సెట్టింగుల్లో కాగితం ముడత తగ్గించే ఆప్షన్ ఉంటే పెట్టుకోండి, అది ఫ్యూజరు వేడి తగ్గిస్తుంది. కానీ వేడి తగ్గితే టోనరు సరిగా అతకదు. గోటితో గీస్తే నలుపు రాలుతుంటే ఆ ఆప్షన్ తీసేయాల్సిందే. మచ్చలొస్తున్నాయి కదా అని మందం కాగితం సెట్టింగు పెడితే వేడి పెరిగి ముడత ఇంకా ఎక్కువవుతుంది. ఇస్త్రీపెట్టెతో కాగితం ఆరబెట్టడం మాత్రం వద్దు. అంచులు వంకరపోయి రోలరు రెండేసి లాగుతుంది.

ఏసీ గదిలో పెడితే చెమ్మ బాధ ఉండదు కదా అంటారు. ఏసీ రోజంతా నడిచే గదైతే నిజమే. రాత్రి వేసి పొద్దున్న కట్టేసే పడకగదైతే ఇంకో చిక్కు. మెషీన్ చల్లబడి ఉంటుంది, తలుపు తీయగానే బయటి వేడి చెమ్మగాలి తగిలి లోపలి అద్దాల మీద మంచు పడుతుంది. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టన్నమాట. ఆ పూట ప్రింటు మొత్తం వెలిసిపోయినట్టు వస్తుంది. గంటా రెండు గంటలు ఊరుకుంటే అదే సర్దుకుంటుంది.

ఫీడరు గురించి కూడా మొదట్లో తెగ పొగిడాం. ఇంట్లో భూమి కాగితాలున్నవాళ్లకి ఫీడరు నిజంగా అవసరమే, ఎందుకంటే ఈ తరగతి మెషీన్లలో గాజు పొడవు A4కి సరిపడా 297 మి.మీ. మాత్రమే. దస్తావేజులు లీగల్ సైజు, 356 మి.మీ. గాజు మీద పెడితే కింద సంతకాలు, వేలిముద్రలు తెగిపోతాయి. ఫీడరు అయితే లీగల్ మొత్తం తీసుకుంటుంది. కానీ తాతలనాటి దస్తావేజు, మడత దగ్గర చిరుగుపట్టినది, ఫీడరులో పెట్టకండి. రోలరు గుంజితే మడత దగ్గర రెండు ముక్కలవుతుంది. అలాంటివి గాజు మీదే పైసగం ఒకసారి, కిందసగం ఒకసారి, మధ్యలో నాలుగు వరుసలు రెండింటిలోనూ పడేలా తీస్తున్నాం. కొత్తవాటికైనా గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీశాకే ఫీడరు.

ఫీడరులో తీసిన ప్రతి కాపీ మీదా పైనుంచి కిందిదాకా ఒక నల్లగీత వస్తోంది, గాజు మీద తీస్తే రావడం లేదు అంటే టోనరు తప్పేం లేదు. పెద్ద గాజు పక్కన వేలెడు వెడల్పున్న సన్నటి గాజుపట్టీ మీద చుక్కంత మరక ఉంది. మెత్తటి గుడ్డ కాస్త తడిపి తుడిస్తే పోతుంది. వైట్‌నర్ పెట్టిన కాగితం ఆరకుండా పెడితే ఇదే అవుతుంది.

కరెంటు సంగతి. ఫ్యూజరు వేడెక్కే క్షణంలో మెషీన్ దాదాపు 1000 వాట్లు లాగుతుంది. కంప్యూటరుకున్న 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. దానికి తగిలిస్తే కంప్యూటరు కూడా కలిసి ఆగిపోతుంది. ఇంటి ఇన్వర్టరు మీదా ఓవర్‌లోడ్ చూపించింది. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి, అంటే కరెంటు లేని పూట జిరాక్సు షాపే గతి. కరెంటు పోయి వచ్చాక ఫోనులో ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపిస్తే, రౌటరు దానికి వేరే ఐపీ, అంటే నెట్‌వర్కులో చిరునామా, ఇచ్చి ఉంటుంది. రౌటరు సెట్టింగుల్లో ఒక ఐపీ దానికే కేటాయిస్తే మళ్లీ ఆ గోల ఉండదు.

టోనరు పేజీల లెక్క పేజీలో 5 శాతం నలుపుకి వేసింది. ఆధార్ ఫొటోలు, పొలం కొలతల ఎఫ్ఎంబీ మ్యాపులు జిరాక్సు తీసేవాళ్లకి అంత రాదు. వెయ్యి అని రాసినదానికి మాకు ఆరేడువందలు వచ్చాయి. డ్రమ్మూ టోనరూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉండే రకానికి రీఫిల్ చేయించేటప్పుడు పాత వ్యర్థపు పొడి గది ఖాళీ చేయించారో లేదో దగ్గరుండి చూడండి. కొత్త పొడి పోసి అది వదిలేస్తే, నిండి పొంగి పేజీ అంచున నల్లగా కారుతుంది.

ఇదే మళ్లీ కొంటారా అంటే, లేజరే కొంటాం, ఈ ట్రే ఉన్నది మాత్రం కొనం. లోపలికి తోసే సొరుగు, లీగల్ పట్టే ఫీడరు, ఈ రెండూ ఉంటే మిగతావి తగ్గినా సర్దుకుంటాం. అయితే మాది సగటున నెలకి రెండొందల కాగితాలు వాడే ఇల్లు, రంగుతో పని లేదు. నెలకి ఇరవై జిరాక్సులు దాటనివాళ్లకి ఈ ఖర్చు దండగ. పిల్లల ప్రాజెక్టులకి రంగు బొమ్మలు కావాల్సిన ఇంటికి, వారానికి రెండు పేజీలైనా వేస్తుంటారంటే, ఇంకు ట్యాంకే సరి. కొనడానికి వెళ్తే మాత్రం ట్రేని షాపులోనే బయటికి లాగి చూడండి, లీగల్ కాగితానికి సాగదీయమనండి. కొన్నిటిలో సాగదీసిన భాగం వెనక జానెడు బయటికొచ్చి మూత లేకుండా ఉంటుంది. బల్లకి గోడకి మధ్య ఆ జాగా ఉందో లేదో ఇంట్లో ముందే కొలుచుకుని వెళ్లండి.